తూర్పు కనుమల్లో పశువుల సంతలు, ప్రదర్శనలు, పోటీలు

పశు ప్రదర్శన అంటే ఒక ప్రాంతపు రైతులు ఏడాదికోసారి తమ పశువులను ఒకచోటికి తోలుకొచ్చి, జాతిని బట్టి, వయసును బట్టి విభాగాలుగా నిలబెట్టి, న్యాయనిర్ణేతల ముందు బహుమతుల కోసం పోటీపడే వేడుక. ఒంగోలు సీమలో, గుంటూరు, కర్నూలు ప్రాంతాల్లో బాగా ఎదిగిన ఈ సంప్రదాయం అరకులోయ, పాడేరు, కోరాపుట్ కొండల్లో అంతగా వేళ్లూనుకోలేదు. అక్కడ పశువు విలువ తేలేది వారపు సంతలో, కోడిపందెం బరిలో, చనిపోయినవారి పేరిట జరిగే దున్నల క్రతువులో. బహుమతులిచ్చే ప్రదర్శన మైదానం నుంచి పశుసంవర్ధక శాఖ వెంట కొండెక్కింది. తూర్పు కనుమల్లోనే మరో భాగమైన నల్లమలలో పరిస్థితి వేరు. అక్కడి కొండజాతి ఎద్దుకు ఏటా జరిగే ఒక జాతర పెద్ద అంగడి. అరకు కొండల మీద నిజంగా నాటుకున్న వార్షిక వ్యవసాయ పోటీ మాత్రం పశువులది కాదు, కాఫీ గింజలది.

కొండ సేద్యంలో పశువు

అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది భాగం. జిల్లా కేంద్రం పాడేరు. లోయ దాటితే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా. రాష్ట్రాల సరిహద్దు కాగితం మీద ఉన్నంత గట్టిగా నేల మీద లేదు. కొండదొర, కోటియా, పోర్జా, గదబ, కోదు తెగల కుటుంబాలకు ఇటూ అటూ చుట్టాలున్నారు, ఇటూ అటూ సంతలున్నాయి. ఆంధ్ర వైపు భగతలు, వాల్మీకులు, నూకదొరలు కూడా ఎక్కువ.

ఇక్కడి సేద్యం నేలవాలును బట్టి మారుతుంది. వాగుల వెంట మెట్లు మెట్లుగా కట్టుకున్న మడుల్లో వరి పండుతుంది. మెట్టల మీద, పోడు చేలల్లో చోడి, సామ, కొర్ర, కంది, వలిసెలు, రాజ్‌మా, పసుపు వేస్తారు. మడి ఇరుకు, గట్టు ఎత్తు, మలుపు చిన్నది. కృష్ణా డెల్టాలో గర్వంగా నడిచే ఆరడుగుల ఒంగోలు జత ఈ మడిలోకి దిగితే తిరగడానికే చోటుండదు. కొండ రైతుకు కావలసింది తక్కువ మేతతో బతికి, రాళ్ల మీద కాలు జారకుండా నడిచి, చిన్న నాగలి లాగే పొట్టి ఎద్దు. ఈ ప్రాంతపు పశువు చిన్నదిగా ఉండటం లోపం కాదు, నేల చేసిన ఎంపిక.

పాల లెక్క కూడా ఇక్కడ వేరు. గదబ, సవర, కోదు వంటి తెగల్లో ఆవు పాలు పితుక్కునే అలవాటు పూర్వం లేదు. ఆవు పాలు దూడవే అనేది వాళ్ల లెక్క. పశువు అంటే దుక్కి, పేడ ఎరువు, పెళ్లిలో ఓలి, అప్పు తీర్చే ఆస్తి, క్రతువులో బలి. ఈ వరసలో పాలు చివరికైనా చేరవు. మైదానపు ప్రదర్శనల్లో ఆవుకు మొదటి కొలత పాలే కాబట్టి, కొండ ఆవు ఆ బరిలో దిగకముందే ఓడిపోయినట్టు లెక్క. పంటలు ఇంటికి చేరాక పశువులను కాపరి లేకుండా కొండల మీదికి వదిలేయడం ఇక్కడి పాత పద్ధతి. రెండో పంట వేసుకునే రైతులు పెరిగిన చోట్ల ఈ పద్ధతి మీద ఊళ్లలో తగవులు కూడా పెరిగాయి.

కొండజాతులు

దేశంలో పశుజాతులను గుర్తించి నమోదు చేసే సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. తూర్పు కనుమల పశువుల్లో దాని గుర్తింపు పొందిన జాతుల్లో రెండు ఇక్కడ చెప్పుకోదగ్గవి. ఒకటి మోటు. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా దక్షిణ కొసన, శబరి, సీలేరు నదులు కలిసే చోటి ఊరి పేరే దీనికి వచ్చింది. మల్కన్‌గిరితో పాటు దానికి ఆనుకొని ఉన్న ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లోనూ ఇవి కనిపిస్తాయి. పొట్టివి, ఎక్కువగా గోధుమ రంగువి. కొమ్ములు లేని పశువులు ఈ జాతిలో తరచుగా ఉంటాయి. పని పశువులుగా వీటికి పేరు.

రెండోది పొడ తూర్పు. తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి దీని నివాసం. తెల్లని ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు, అంటే పొడలు, ఉంటాయి కాబట్టి ‘పొడ’. పడమటి రైతులకు ఇవి తూర్పు దిక్కు నుంచి వచ్చిన ఎద్దులు కాబట్టి ‘తూర్పు’. మేపేవాళ్లలో లంబాడీలు ఎక్కువ. మందలు నల్లమల అడవిలో తిరిగి మేస్తాయి. 2020లో నమోదైన ఈ జాతి తెలంగాణ తరఫున గుర్తింపు పొందిన మొదటి ఆవుజాతి. ఇక చిత్తూరు సీమలోని పుంగనూరు ఆవు కనుమల దక్షిణపు అంచుది. ప్రపంచంలోని అతి పొట్టి ఆవుల్లో ఒకటిగా దానికి వచ్చిన కీర్తి వల్ల అది దుక్కి నుంచి తప్పుకొని ముంగిళ్లలో అలంకారంగా మారింది.

అరకు, పాడేరు మండలాల్లోని పశువుల్లో ఎక్కువ భాగానికి ఇలాంటి పేరేమీ లేదు. రికార్డుల్లో అవి ‘నాటు పశువులు’, అంతే. పేరులేని పశువుకు ప్రదర్శనలో విభాగం ఉండదు.

సంత

కొండల్లో సంత ఎలా పుట్టిందో అర్థం కావాలంటే ఉప్పు దారి చూడాలి. రైలు, ఘాట్ రోడ్లు రాకముందు మైదానానికీ జయపురం, బస్తర్ సీమలకూ మధ్య సరుకు నడిచింది లంబాడీల పెరికెడ్ల మీదే. వీపున రెండు వైపులా గోనెలు వేలాడదీసిన ఎద్దుల బారులు సాలూరు వైపు నుంచి కనుమలెక్కి ఉప్పు తీసుకెళ్లేవి, ధాన్యంతో, అటవీ సరుకుతో దిగివచ్చేవి. బిడారులు ఆగే చోట్లు బేరాలకు అనువైన చోట్లు. 1960 దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు వేసిన రైలుమార్గం అరకు మీదుగా వెళ్లింది. పెరికెడ్ల కాలం అంతకు చాలా ముందే ముగిసినా, సంత మాత్రం నిలిచింది.

అరకులోయలో సంత శుక్రవారం. సరిహద్దుకు అవతల మాచ్‌ఖండ్ దగ్గరి ఒనుకుడెల్లిలో గురువారం, కోరాపుట్ దగ్గరి కుందులిలో శుక్రవారం, రాయగడ జిల్లా చాటికోనాలో బుధవారం. ఒనుకుడెల్లి సంతకు బోండాలు, గదబలు దిగివస్తారు, చాటికోనాకు నియమగిరి డోంగ్రియా కోదులు. ఇలా వారమంతా ఏదో ఒక చోట సంత ఉండేలా రోజులు సర్దుకున్నాయి. వర్తకులు ఒక సంత నుంచి మరో సంతకు తిరుగుతూ ఉంటారు. రైతుకు మాత్రం ఒకటో రెండో సంతలు చాలు. చింతపండు, పసుపు, అల్లం, అడ్డాకులు, కొండచీపుర్లు, పిప్పళ్లు కొండ నుంచి దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, ఇనుప పనిముట్లు కింది నుంచి వస్తాయి. కొలతలకు సోల, మానిక, కుంచం ఇంకా వినిపిస్తాయి. సంతలో గిరిజనుడు మోసపోతున్నాడనే ఫిర్యాదు ఎంత పాతదంటే, దానికి విరుగుడుగానే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అటవీ ఫలసాయాన్ని ప్రకటించిన ధరకు కొని, నిత్యావసర సరుకులను డిపోల ద్వారా అమ్మడం దాని పని.

సంతలో పశువులకు ఒక మూల వేరుగా ఉంటుంది. కాళ్లు కట్టిన కోళ్లు, వెదురుబుట్టల్లో పిల్లలు, మెడకు తాడు వేసిన మేకలు, పందిపిల్లలు అమ్మకానికి వస్తాయి. వీటిని తెచ్చేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. కోడి, మేక వాళ్ల చేతి డబ్బు. ఆస్పత్రి ఖర్చుకో పిల్లవాడి బడి ఖర్చుకో ముందు కదిలేవి ఇవే. ఎడ్లు, దున్నలు మాత్రం మగవాళ్ల బేరం. పెద్ద పశువుల కోసం కొండ రైతులు మైదానపు అంచుల్లోని సంతలకూ దిగుతారు. ఉత్తరాంధ్రలో మానాపురం, అలమండ, నారాయణవలస పశువుల సంతలు పేరున్నవి.

ఎద్దును చూసే తీరు ఎక్కడైనా ఒకటే క్రమంలో నడుస్తుంది. ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు. పాలపళ్లు ఊడి మొదటి జత శాశ్వత దంతాలు వస్తే ‘రెండు పళ్ల కోడె’, సుమారు రెండు, రెండున్నరేళ్లు. ఆ తర్వాత నాలుగు, ఆరు. ఎనిమిదీ నిండేసరికి ఐదేళ్లవుతుంది. అరిగిన పళ్లు వయసు మళ్లిందని చెప్పేస్తాయి. తర్వాత గిట్టలు, మోకాళ్లు, మూపు మీద కాడి రాపిడి గుర్తులు. కాడి గుర్తు లేకపోతే పని నేర్వనిదని, పుండు ఉంటే మొరటుగా వాడారని అర్థం. నడిపించి చూస్తారు, కాడి కట్టి చూస్తారు. చివరికి సుడులు. ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన చోట్లను బట్టి శుభాశుభాలు చెప్పే విద్య దుక్కి శక్తికి సంబంధం లేనిదే అయినా, ధర మీద దాని ప్రభావం తక్కువేమీ కాదు. సుడి బాగాలేదని ధర తగ్గించడం కొనేవాడి పాత ఎత్తుగడ కూడా.

బేరం దళారి చేతిలో ఉంటుంది. తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకొని అంకెలు చెప్పుకునే పద్ధతి తెలుగునాట పశువుల సంతల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. ప్రదర్శనకూ సంతకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. ప్రదర్శనలో తీర్పు మైకులో చెబుతారు. సంతలో తీర్పు తువ్వాలు కింద జరుగుతుంది, కానీ తప్పు తీర్పు చెప్పినవాడే దాని నష్టం భరిస్తాడు.

2017 మేలో కేంద్ర ప్రభుత్వం పశువుల సంతల నిర్వహణకు కొత్త నిబంధనలు తెచ్చింది. సంతల్లో వధకోసం పశువుల అమ్మకాన్ని అడ్డుకునే ఆ నిబంధనలపై మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది, అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. చట్టం సంగతి అలా ఉండగా, సంతలను నిజంగా ఆపగలిగేవి తెగుళ్లే. గాలికుంటు సోకిన పశువు ఒక సంతకు వస్తే వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాకుతుంది. ముద్దచర్మ వ్యాధి భారతదేశంలో మొదటిసారి బయటపడింది 2019లో ఒడిశాలోనే. విశాఖ మన్యంలో దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, 2010 దశకంలో మనుషులకూ సోకింది. చచ్చిన పశువు మాంసం కోయడం, తినడం దానికి కారణం.

కోడిపుంజు

పోటీ అనే మాటకు కొండల్లో అతి దగ్గరగా వచ్చేది కోడిపందెం. పోరాట కోడిగా ప్రపంచమెరిగిన అసీల్ జాతికి పుట్టిల్లు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతమే. నిటారు మెడ, బలమైన కాళ్లు, ఒంటికి అతుక్కున్న ఈకలు దాని గుర్తులు. కోస్తాలో పుంజులను రంగును బట్టి డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, మైల, రసంగి అని పిలుస్తారు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం సంక్రాంతికి దుమ్ము దులుపుకుంటుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ మధ్య యుద్ధానికి దారితీసిన కోడిపోరు తెలుగువారికి కొత్తగా చెప్పాల్సింది కాదు.

మైదానంలో పందెం సంక్రాంతి మూడు రోజుల పిచ్చి. బస్తర్, కోరాపుట్ కొండల్లో అది సంత రోజు సాయంత్రపు అలవాటు. బేరాలయ్యాక, కల్లు దిగాక, సంత పక్కనే వెదురు కంచె కట్టిన బరి చుట్టూ జనం చేరతారు. పుంజు కాలికి చిన్న కత్తి కడతారు. ఆట రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది, ఓడిన పుంజు గెలిచినవాడి కూరలోకి పోతుంది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం (1960) దీన్ని ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్ జూద చట్టం (1974) పందెం డబ్బును ఒప్పుకోదు. రెండూ ఉండగానే పందేలు జరుగుతున్నాయి. జాతి పరిరక్షణ దృష్టితో చూస్తే ఇందులో ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. ప్రభుత్వ పథకమేదీ లేని కాలంలో అసీల్ రక్తాన్ని స్వచ్ఛంగా నిలబెట్టింది ఈ పందెగాళ్లే. పుంజు తల్లి వంశాన్ని నాలుగు తరాల దాకా గుర్తుపెట్టుకునేవాళ్లు వాళ్లలో ఉన్నారు.

దున్నల క్రతువు

ఒడిశా వైపు గదబల్లో గోతర్ అనే క్రతువు ఉంది. చనిపోయినవారిని పూర్తిగా సాగనంపడానికి కొన్నేళ్లకోసారి, ఎండాకాలంలో దీన్ని చేస్తారు. చనిపోయిన ఒక్కొక్కరి పేరిట ఒక్కో దున్నను తెచ్చి, మనిషికి పెట్టినట్టే దానికి తిండి పెట్టి, ఒళ్లు నిమిరి, ఏడ్చి, వేరే ఊరి బంధువులకు అప్పగిస్తారు. వాళ్లు తీసుకెళ్లి కోసుకు తింటారు. ఊళ్లో నిలువురాళ్లు పాతుతారు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో దీని గురించి రాశాడు. ఆ తర్వాత కార్ల్ గుస్తావ్ ఇజికోవిట్జ్, పీటర్ బెర్గర్ దీన్ని వివరంగా పరిశీలించారు. ఎన్ని దున్నలు తేగలిగారన్నది ఆ కుటుంబపు పరువు. పశువులను బహిరంగంగా వరసగా నిలబెట్టి ఊరూరి జనం చూసే సందర్భం కొండల్లో ఏదైనా ఉందంటే ఇదే, కాకపోతే ఇక్కడ బహుమతి తీసుకోవడం కాదు, ఇచ్చేయడం గొప్ప.

కోదుల మెరియా క్రతువు చరిత్ర దున్నతో మరోలా ముడిపడింది. 1845 నుంచి 1861 దాకా పనిచేసిన బ్రిటిష్ మెరియా ఏజెన్సీ నరబలిని అణచివేశాక మనిషి స్థానంలో దున్న వచ్చింది. నేడు ఆంధ్రప్రదేశ్‌లో దేవాలయాల్లో జంతుబలిని నిషేధించే చట్టం 1950 నాటిది. పాడేరు మోదకొండమ్మ జాతర వంటి వేడుకలకు అది వర్తిస్తుంది. కొండ ఊళ్ల చిన్న దేవతల దగ్గర దాని అమలు నామమాత్రం.

కురుమూర్తి జాతర

మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి జాతర దీపావళి తర్వాత కార్తీక మాసంలో మొదలై చాలా రోజులు సాగుతుంది. స్వామివారి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవం భక్తులకు ముఖ్యమైన ఘట్టం. రైతులకు ముఖ్యమైంది కొండ కింద జరిగే పశువుల అంగడి. అమ్రాబాద్ మందల కాపరులు పొడ తూర్పు కోడెలను అడవి దించి ఇక్కడికి తోలుకొస్తారు. ఎర్రనేలల్లో, రాతినేలల్లో నీళ్లు తక్కువైనా అలసిపోకుండా దున్నుతాయని పడమటి రైతులు వీటి కోసం వస్తారు.

ఆవులను ఎవరూ అమ్మరు. ఆవు మందలోనే ఉండిపోతుంది, కోడె బయటికి వెళ్తుంది. ఈ ఏర్పాటు వల్లే అడవిలో జాతి స్వచ్ఛంగా మిగిలింది, అంగడి వల్ల కాపరికి డబ్బు వచ్చింది. బహుమతి పతకం లేకుండా, కొనుగోలుదారుల ఇష్టమే తీర్పుగా ఒక జాతి రూపుదిద్దుకున్న అరుదైన ఉదాహరణ ఇది. ట్రాక్టర్లు వచ్చాక కోడెల గిరాకీ తగ్గింది. పులుల అభయారణ్యం హద్దుల వల్ల మేత దారులు కుదించుకుపోయాయి. అమ్రాబాద్ పీఠభూమి పులుల అభయారణ్యంలోనే ఉంది కాబట్టి ఈ పేచీ తేలిగ్గా తీరేది కాదు.

మైదానపు ప్రదర్శన

ఇంగ్లండ్‌లో రాయల్ షోగా పేరుపొందిన వ్యవసాయ ప్రదర్శన 1839లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. స్కాట్లండ్‌లో రాయల్ హైలాండ్ షో అంతకన్నా ముందుది, 1822. బ్రిటిష్ పాలనతో ఈ నమూనా మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1926–28లో వ్యవసాయంపై రాయల్ కమిషన్‌కు అధ్యక్షత వహించిన లిన్‌లిత్‌గో తర్వాత వైస్రాయ్‌గా వచ్చి మేలుజాతి ఆబోతుల పంపిణీని, పశు ప్రదర్శనలను ప్రోత్సహించాడు.

తెలుగునాట ఈ నమూనా అతికింది ఒంగోలు జాతికే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్‌లో ఈ జాతి పేరు నెలోర్. ప్రదర్శనలో న్యాయనిర్ణేత చూసేవి తెలుపు రంగు, విశాలమైన నుదురు, చుట్టూ నల్లని అంచున్న కళ్లు, పొట్టి కొమ్ములు, మడతలుగా వేలాడే గంగడోలు, నిండైన మూపురం, తోక చివర నల్లని కుచ్చు. పాల పోటీలో ముందు ఒక పూట అందరి ఎదుట పొదుగు ఖాళీ చేయించి, తర్వాతి పూటల పాలను తూచి లెక్కిస్తారు.

జనం విరగబడి చూసేది మాత్రం బండలాగుడు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, జూనియర్, సీనియర్, సేద్యపు విభాగం అని జతలను వేరు చేస్తారు. విభాగానికో బరువున్న బండ. నిర్ణీత నిమిషాల్లో జత ఎన్ని అడుగుల దూరం లాగిందో టేపుతో అంగుళాల దాకా కొలుస్తారు. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్లకు ఇవి జరుగుతాయి. కోటప్పకొండ, మహానంది శివరాత్రి పోటీలు పేరుపొందినవి. ఈ జతల్లో చాలావాటిని దుక్కికి కట్టరు. ఉలవలు, పాలు, గుడ్లు పెట్టి పోటీ కోసమే మేపుతారు. పొలం నుంచి ఎద్దు తప్పుకున్నాక పోటీయే ఆ జాతికి పెద్ద ఆదరువుగా మారింది.

ఈ జాతికి అతిపెద్ద ప్రదర్శన మన దగ్గర లేదు. బ్రెజిల్‌లోని ఉబెరాబా నగరంలో ఏటా జరిగే ఎక్స్‌పోజెబూలో నెలోర్‌దే పెద్ద వాటా. 1962లో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం నుంచి వెళ్లిన ఒక ఆబోతు అక్కడ ‘కర్వాది’ పేరుతో వేలాది పశువులకు మూలపురుషుడైంది. ఇటీవల వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి, అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుకెక్కింది. దాని బరువు 1,101 కిలోలు. కరవదిలో ఇంత ధర ఎవరూ ఊహించలేదు.

కొండల మీద ప్రభుత్వ ప్రదర్శనలు

ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ సంక్రాంతి నెలలో నిర్వహించే పశు ఆరోగ్య శిబిరాలతో పాటు చాలాచోట్ల లేగదూడల ప్రదర్శన జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెయ్యదూడలకు బహుమతులిస్తారు. బహుమతిగా దాణా బస్తా, పాలక్యాను, బక్కెట్టు వంటివి ఉంటాయి. కృత్రిమ గర్భధారణతో పుట్టిన సంకరజాతి దూడలను ముందుకు తేవడం దీని ఉద్దేశం. మైదానంలో పాడి రైతుకు ఇది అర్థమయ్యే భాష. కొండ ఊళ్లో పచ్చిమేత సాగు, పాలసేకరణ కేంద్రం, పశువైద్యుడు మూడూ దూరమే. జెర్సీ సంకరం ఇక్కడి వర్షాకాలపు చలిని, పేలను, మేత కరవును నాటు పశువులా తట్టుకోలేదు.

కోళ్ల విషయంలో ప్రయత్నం కొంత ఫలించింది. హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ రకం పెరటి కోడిగా గిరిజన ప్రాంతాల్లోకి వెళ్లింది. నాటుకోడి రంగులు, ఎక్కువ గుడ్లు దాని బలం. గుడ్లు పొదగడం మాత్రం దానికి రాదు, కాబట్టి ప్రతి తరానికీ పిల్లలను మళ్లీ కొనుక్కోవాలి. కొక్కెర తెగులు టీకా అందిన ఊళ్లో నాటుకోడైనా నిలుస్తుంది, అందని ఊళ్లో ఏ రకమైనా నిలవదు.

విత్తనాలు, కాఫీ

పశువుల కన్నా విత్తనాల ప్రదర్శన కొండ సంప్రదాయానికి దగ్గర. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగలో విత్తనాలకు పూజ చేసి, ఆ తర్వాతే దుక్కి మొదలుపెడతారు. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్రలు కట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ డబ్బులు వసూలు చేస్తారు. ఈ విత్తన పూజ పునాదిగా డుంబ్రిగుడ మండలంలో పాత విత్తనాల పండుగలు జరిగాయి. వాటిలో గిరిజన మహిళలు చోడి, సామ, చిక్కుడు, దుంపల రకాలను ఆకుల మీద పేర్చి మార్చుకున్నారు. మెదక్ సీమలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జరిపే పాత పంటల జాతర ఇదే కోవలోది. అక్కడ అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా ఊరేగుతాయి. కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో వారసత్వ వ్యవసాయ వ్యవస్థగా గుర్తించింది. వందకు పైగా వరి రకాలను కాపాడిన కోరాపుట్ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది.

కాఫీ మన్యానికి 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయ ద్వారా వచ్చి, తర్వాత అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1960 నుంచి అటవీ శాఖ, ఆ తర్వాత సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దాన్ని పోడుకు ప్రత్యామ్నాయంగా పెంచాయి. మిరియాల తీగ ఎక్కిన సిల్వర్ ఓక్ నీడలో ఇప్పుడది కొండ మీద ముఖ్యమైన నగదు పంట. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2000 దశకం చివర్లో ఆరంభించిన ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పోటీ ఈ పంటకు వార్షిక ప్రదర్శనగా ఎదిగింది. చిన్న రైతుల కాఫీలకు విదేశీ రుచి నిపుణులు మార్కులు వేస్తారు, గెలిచిన రైతులకు వేలమంది సాటి రైతుల ఎదుట బహుమతులిస్తారు. 2017లో పారిస్‌లో తెరిచిన అరకు కాఫీ దుకాణం వెనుక ఈ మార్కుల బలం ఉంది.

తీర్పు పద్ధతి ఇలా ఉంటుంది. వేయించి పొడి చేసిన కాఫీని గిన్నెల్లో వేసి వేడినీళ్లు పోస్తారు. పైన తేలిన తెట్టును చెంచాతో పగలగొట్టి ముందు వాసన పీలుస్తారు. తర్వాత చెంచాడు కాఫీని చప్పుడయ్యేలా జుర్రుకొని ఉమ్మేస్తారు. పులుపు, తీపి, చిక్కదనం, గొంతులో మిగిలే రుచి వంటివాటికి విడివిడిగా మార్కులు వేసి నూటికి కూడతారు. ఎనభై దాటితే అది స్పెషాలిటీ కాఫీ. గిన్నె మీద రైతు పేరుండదు, సంకేత సంఖ్య ఉంటుంది. ఏ గిన్నె ఏ ఊరిదో మార్కులన్నీ వేశాకే తెలుస్తుంది.